తోమిన రివాల్వర్

మా ఆయన ఆంజనేయులుకు దసరా వస్తే ఒళ్ళు తెలియదు. కెనడాలో ఈ గ్వెల్ఫ్ ఊరికి వచ్చినా మారలేదు. కారుకీ, మంచు తీసే మెషిన్‌కీ, ఆఖరికి నా మిక్సీకీ ఆయుధపూజ చేస్తాడు. ఏటా నవ్వుకునేదాన్ని. మొన్నటి దసరా తర్వాత నాకు నవ్వు రావడం లేదు.

పక్కింటి ఎల్మర్ గారికి తొంభై రెండేళ్ళు. ఒంటరి మనిషి. పదకొండేళ్ళుగా ఆయనకు చారూ ఇడ్లీ అలవాటు చేసింది నేనే. ఆగస్టులో ఓల్డేజ్ హోమ్‌కు వెళ్తూ ఒక చెక్కపెట్టె నా చేతిలో పెట్టారు. అందులో గురి పోటీల కోసం చేసిన పొడుగు గొట్టం రివాల్వర్ ఉంది. నూట ముప్పై ఏళ్ళ నాటిది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదట. అలాంటివి ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయట.

"హోమ్‌లో దీన్ని ఉంచుకోనివ్వరు దుర్గా. వేలం కంపెనీ మనిషి వచ్చేదాకా నీ దగ్గర పెట్టు," అన్నారు. "డబ్బు నాకెందుకు? వాళ్ళ కేటలాగులో మా నాన్న పేరు వేస్తామన్నారు. దీంతోనే ఆయన పోటీలన్నీ గెలిచాడు. ఎక్కడా ఒక్క లైను అచ్చు కాలేదు. అదొక్కటీ చూసి పోతాను."

దసరా రోజు మా ఆయన ఆ పెట్టె దించాడు. "ఇంట్లో అసలైన ఆయుధం పెట్టుకుని మిక్సీకి బొట్టేమిటే!"

"ఆ నల్లటి మకిలితోనే అమ్మవారి ముందు పెడతారా? కాస్త తోమండి," అన్నాను. ఆ మాట అన్నది నేనే. చింతపండు నానబెట్టి ఇచ్చిందీ నేనే. ఆయన గంటసేపు స్టీలు పీచుతో రుద్ది, కడిగి, పసుపు రాసి బొట్టు పెట్టాడు. వెండి గిన్నెలా తళతళలాడింది. ఎల్మర్ గారు చూస్తే మురిసిపోతారనుకున్నాను. నా మొహం!

వారం తర్వాత వేలం కంపెనీ అతను వచ్చాడు. గ్లౌజులు తొడుక్కుని మూత తీశాడు.

"దీన్ని ఎవరు క్లీన్ చేశారు?"

నేను మకిలి అనుకున్నది మకిలి కాదట. ఉక్కు మీది పాత పూత అట. ఆ పూతా, వాడిన మనిషి చెయ్యి పడి అది అరిగిన చోట్లూ, పాత ఆయుధాలు సేకరించేవాళ్ళు చూసేది వాటినేనట. "ఇప్పుడు ఇది మా కేటలాగులోకి రాదు. సారీ," అని పెట్టె వదిలేసి వెళ్ళిపోయాడు. ఎల్మర్ గారికి నేనే చెప్తానని అతనితో అన్నాను.

"శుభ్రం చేస్తే విలువ పోవడమేంటి? ఇదెక్కడి చోద్యం!" అన్నాడు మా ఆయన.

"నోరు ముయ్యండి!" అని అరిచాను. అరవాల్సింది నా మీదే అని తెలుసు.

ఆ ఆదివారం హోమ్‌కు వెళ్ళాను. "వేలం వాళ్ళు పెట్టె తీసుకెళ్ళారా?" అని అడిగారు ఎల్మర్ గారు. "ఊఁ" అన్నాను. తర్వాతి రెండు ఆదివారాలూ నిజం చెప్పకుండానే వచ్చేశాను. ఛీ, ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

నాలుగో ఆదివారం వెళ్ళేసరికి ఆయన టై కట్టుకుని డైనింగ్ హాల్లో కూర్చున్నారు. చుట్టూ ఆరుగురు ముసలివాళ్ళు, ఇస్త్రీ బట్టల్లో. బల్ల మీద విప్పని కవరు ఒకటి ఉంది. కేటలాగు శుక్రవారమే వచ్చిందట. ఆయనకు అక్షరాలు ఆనవు. నేనొచ్చి చదవాలని ఆపారు.

"రా దుర్గా! వీళ్ళందరికీ వినపడేలా చదువు."

కవరు చించాను. పేజీలు చివరిదాకా తిప్పాను. చేసేది లేక ఆయన పక్కన వంగి, చెయ్యి పట్టుకుని, చెవిలో అంతా చెప్పాను. తోమిందీ, దాచిందీ అన్నీ.

 ఆయన తలెత్తి, "ఈ పుస్తకంలో చోటు చాలలేదట. వచ్చేదాంట్లో వేస్తారట!" అన్నారు, అందరికీ వినపడేలా.

పాపం, ఆ ఆరుగురూ చప్పట్లు కొట్టారు. ఎల్మర్ గారు నా వైపు చూడకుండానే తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.