జూన్ నెలలో ఉన్ని స్వెట్టరు

సంచి సర్దింది నేనే. ఖాకీ గుడ్డ సంచి, మోటారు సైకిలు వెనక చక్రం పక్కన తాడుతో కట్టేది. అతని చొక్కాలు రెండు, నా బట్టలు ఒక జత, దారిలో తినడానికి బార్లీ రొట్టెలు, మా అమ్మ కోసం సీసాడు ఆర్గాన్ నూనె. మూడు రోజుల ప్రయాణానికి ఇంతకన్నా ఏం కావాలి?

నా మొగుడు బిహి గడప దగ్గర కూర్చుని గొలుసుకి నూనె రాస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"నీ పెళ్లినాటి పొడుగు కఫ్తాను కూడా పెట్టు."

"దేనికి? మా నాన్నని చూడ్డానికి వెళ్తున్నామా, పెళ్లికి వెళ్తున్నామా?"

"వెండి పిన్నులు కూడా పెట్టు. మీ అమ్మ చూసి సంతోషిస్తుంది."

"చేయించింది ఆవిడే. మళ్లీ చూసి కొత్తగా సంతోషించేదేముంది?"

నవ్వాడు. ఏదైనా దాస్తున్నప్పుడే అతను అలా నవ్వేవాడు, పళ్లు కనపడకుండా. ఆరేళ్ల కాపురంలో నేను బాగా నేర్చుకున్నది ఆ నవ్వొక్కటే.

చెయ్యి తుడుచుకుని లోపలికి వచ్చి, గోడ మేకుకున్న తన ఉన్ని స్వెట్టరు తీసి సంచిలో కుక్కాడు. అది జూన్ నెల. మా ఊరు ఇనెజ్గాన్‌లో కోళ్లు కూడా నీడ వెతుక్కునే రోజులు.

"కొండల మీద చలి" అన్నాడు, నేను అడక్కముందే. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "నికా కాగితం కూడా పెట్టు, ఇజ్జా. మర్చిపోకు."

నా చేతులు సంచి మీదే ఆగిపోయాయి.

ఆ రోజుల్లో మగవాడు కాగితం పట్టుకెళ్లి ఇద్దరు రాతగాళ్ల ముందు కూర్చుంటే చాలు, తలాక్ రాసేసేవాళ్లు. పెళ్లాం అక్కడ ఉండక్కర్లేదు. కబురు తర్వాత వచ్చేది. మా వీధిలో ఒకామెకి తన బట్టల మూటతో పాటే వచ్చింది. అందుకే మా ఆడవాళ్లు ఆ కాగితాన్ని పిండి డబ్బా అడుగున దాచేవాళ్లు. కాగితం దొరక్కపోతే తలాక్ పడదు అని మా నమ్మకం. అది ఎంతవరకు నిజమో మాకెవరికీ తెలీదు, ఎందుకంటే మాలో ఎవరికీ చదవడం రాదు.

నాకు ఆరేళ్లయినా కడుపు పండలేదు. అత్తగారు తిజ్నిత్‌లో ఉండేది. వచ్చినప్పుడల్లా నన్ను చూసి కాదు, ఖాళీ చాప చూసి మాట్లాడేది. బిహి పోయిన వారమే తిజ్నిత్ వెళ్లొచ్చాడు, బండికి ఏదో సామాను కావాలని. సామాను తేలేదు. వచ్చిన దగ్గర్నుంచీ స్నానానికి హమ్మాముకి వెళ్లలేదు. నా ముందు బనీను విప్పలేదు.

పిండి డబ్బాలోంచి కాగితం తీశాను. సంచిలో పెట్టాను. నా బట్టలన్నీ పెట్టాను. పుట్టింటికి పంపేయబోయే పెళ్లాం ఏమేం తీసుకెళ్తుందో అవన్నీ నా చేతులతోనే సర్దాను.

బుధవారం పొద్దున బయల్దేరాం. నీలం రంగు బండి. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మెకానిక్కు దగ్గర కొన్నాడు, తనూ అక్కడే పనిచేసేవాడు. అంతకుముందు నేనెప్పుడూ ఊరు దాటి దాని మీద వెళ్లలేదు. ఒక పక్కకి కూర్చుంటే పడతావని, గాడిదనెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోమన్నాడు. తెల్ల దుప్పటి ఒళ్లంతా చుట్టుకుని అంచు పళ్లతో పట్టుకున్నాను. తరూదాంత్ దాటాక ఆర్గాన్ చెట్ల కింద కాయలు ఏరుకుంటున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి పనాపేశారు. ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది:

"ఏమే! వాడి నడుం వదలకే! వదిలావంటే పారిపోతాడు!"

అందరూ విరగబడి నవ్వారు. బిహి కూడా నవ్వాడు. నేను మాత్రం రెండు చేతులూ ఇంకా బిగించాను.

ఔలూజ్ దగ్గర రోడ్డు కాపలా పోలీసు, జెండర్మ్ ఒకడు ఆపాడు. మీసాలు తడుముకుంటూ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరీవిడ?"

"నా పెళ్లాం సార్."

"అందరూ అలాగే అంటారు. కాగితం ఏది?"

బిహి సంచి విప్పి నికా కాగితం ఇచ్చాడు. అతను అటు తిప్పి ఇటు తిప్పి చూసి వెనక్కిచ్చాడు. నా గుండె కాస్త కుదుటపడింది. దీనికోసమేనా తెమ్మన్నది? నేనెంత పిచ్చిదాన్ని?

"తిరిగి ఎప్పుడొస్తారు?" అన్నాడు జెండర్మ్.

"ఆదివారం సార్. నేనొక్కణ్ణే."

బండి మోగుతూనే ఉంది. నాకు వినపడలేదనుకున్నాడు.

తాలియూన్‌లో బిహి మేనత్త మామాస్ ఉండేది. మొగుడు పోయాక కుంకుమపువ్వు చేను ఒక్కతే చూసుకునే మనిషి. గుమ్మంలోనే నన్ను కౌగలించుకుని మామూలుకన్నా ఎక్కువసేపు వదల్లేదు. అది కూడా నాకు నచ్చలేదు. జాలిపడేవాళ్లే అలా పట్టుకుంటారు.

"ఎండిపోయావేమే? మా వాడు అన్నం పెట్టట్లేదా?"

"నేనే వండుతున్నా అత్తా. తినేది కూడా నేనే. ఈయన ఈ మధ్య ఇంట్లో ఉంటేగా."

"విన్నావురా?" అంది బిహిని. అతను టీ గ్లాసులోకి చూశాడు.

మధ్యాహ్నం వాళ్లు నేను పడుకున్నాననుకున్నారు. వంటింటి గోడ పక్క నుంచి మాటలు వినిపించాయి.

"దానికి చెప్పావా?" అంది అత్త.

"లేదు. వాళ్ల నాన్న ఇంట్లో దింపాక చెబుతా. ముందే చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే నేను చెయ్యలేను."

"కాగితం తెచ్చావా?"

"సంచిలో ఉంది. రేపు తజెనాఖ్త్‌లో పని అయిపోతుంది."

నేను చాప మీద కదలకుండా పడుకున్నాను. ఈగ ఒకటి మోచేతి మీద వాలింది. దాన్ని కూడా తోలలేదు.

సాయంత్రం బిహి గది తలుపేసుకుని బనీను మార్చుకుని పాతది పెరట్లో మొక్కల మీద పడేశాడు. ఉతుకుదామని కాలవ దగ్గరికి తీసుకెళ్లాను. గుండె దగ్గర ఆకుపచ్చ మరక, అరచేయంత. చెమటకి రంగు దిగిన ఆడదాని తలగుడ్డ మరకలా ఉంది. ఎవరో ఒక ఆడది తడి పచ్చగుడ్డ చుట్టిన తల అతని రొమ్ము మీద పెట్టి ఏడ్చిందనో, నవ్విందనో అనుకున్నాను. ఆమె ముఖం కూడా చూశాను. నాకన్నా పొట్టిగా ఉంది. కడుపుతో ఉంది. బండరాయి మీద ఎంత రుద్దినా ఆ మరక వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే అత్త పిండి కలుపుతూ నన్ను పిలిచింది.

"పొయ్యి రాజెయ్యమ్మా. ముళ్లకంప ఆ మూల ఉంది."

మట్టి పొయ్యి పెరట్లో ఉంది. బిహి బండికి గాలి కొట్టుకుంటున్నాడు. సంచి గోడకి ఆనించి ఉంది. కాగితం తీసి దుప్పటి కింద పెట్టుకున్నాను. ముళ్లకంప కింద పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఇది పోతే తలాక్ పడదు. నేను అతని పెళ్లాన్ని, అలాగే ఉంటాను. రాతగాళ్లని ఏ కాగితం మీద రాయమంటాడో చూస్తాను. ఆరేళ్లు పిండిలో దాచిన కాగితం అంత తొందరగా కాలిపోతుందని నాకు తెలీదు. నా దుప్పటి అంచు కూడా కాస్త అంటుకుంది. చేత్తో ఆర్పేశాను.

"ఇవాళ రొట్టె బాగా పొంగింది" అంది అత్త. "నీ చేతి మంట మంచిది."

నేను రెండు రొట్టెలు తిన్నాను. బిహి నన్ను ఆశ్చర్యంగా చూశాడు. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

తజెనాఖ్త్ చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. సర్కారు ఆఫీసు ఎదుట మైదానంలో మగవాళ్లు వందమందికి పైగా ఉన్నారు. బిహి బండి గోడ నీడలో పెట్టి, "ఇక్కడే ఉండు" అని సంచి విప్పాడు. చొక్కాలు తీశాడు. స్వెట్టరు తీశాడు. కఫ్తాను తీసి దులిపాడు.

"కాగితం ఏది?"

"ఏ కాగితం?"

"ఇజ్జా, నిన్న నేనే మళ్లీ సంచిలో పెట్టాను."

"దారిలో గాలికి పోయిందేమో. నువ్వు సంచి సరిగ్గా కట్టలేదు."

అతను రోడ్డు వైపు చూశాడు, ఎనభై కిలోమీటర్ల రోడ్డు. ఆ ముఖం చూసి నాకు సంతోషం వేసింది. దేవుడు క్షమించాలి, నిజంగానే వేసింది.

అప్పుడు మైదానంలో ఎవరో కేకేశారు. మగవాళ్లు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. బిహి కూడా వెళ్లి విప్పాడు. ఎర్రటి ముఖం ఉన్న పరాయి దేశపు మనిషి ఒకడు వరస వెంట నడుస్తున్నాడు. ఒక్కొక్కడి నోరు తెరిపించి పళ్లు చూశాడు, భుజాలు నొక్కాడు, అరచేతులు తిప్పి చూశాడు, వీపు మీద తట్టాడు, మా నాన్న సంతలో గొర్రెల్ని చూసినట్టు. కొందరి రొమ్ముల మీద అప్పటికే పచ్చటి ముద్ర ఉంది. బిహి రొమ్ము మీదా ఉంది. ఆ మనిషి ముద్ర ఉన్నవాళ్లని టేబులు వైపు పంపాడు. ముద్ర లేని ముసలాయన ఒకడికి ఎర్ర ముద్ర కొట్టాడు. అతను చొక్కా వేసుకోకుండానే ఏడుస్తూ నా పక్క నుంచి వెళ్లాడు.

"ఏమిటిది, బాబాయ్?" అని అడిగాను.

"ఫ్రాన్సు బొగ్గు గనులకమ్మా. పచ్చ అయితే తీసుకుంటారు. ఎరుపయితే ఇంటికే."

నేను గోడ పట్టుకుని కింద కూర్చున్నాను.

బిహి చాలాసేపటికి వచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తిజ్నిత్‌లో మొదటి ముద్ర వేశారు. రెండోసారి చూసేదాకా కడుక్కోవద్దన్నారు. నీకు చెబుదామనే అనుకున్నాను. ఏడుస్తావని..."

"కాగితం వాళ్లకెందుకు?"

"పెళ్లాం ఉన్నవాళ్లకి పెళ్లాం పేరు రాస్తారు. ఏదైనా అయితే కబురు నీకొస్తుంది. రెండేళ్లు పోయాక నిన్ను పిలిపించుకోవచ్చు. దానికే కదా తెమ్మంది."

"మరి ఇప్పుడు?"

"కాగితం లేకపోతే పెళ్లి లేనట్టే అన్నాడు గుమాస్తా. పెళ్లికాని వాడు అని రాసేశాడు." కాసేపు నేల మీద పుల్లతో గీశాడు. తర్వాత, ఈసారి పళ్లు కనపడేలా నవ్వాడు. "ఏమే, ఇవాళ్టి నుంచి నేను బ్రహ్మచారిని. నన్ను చేసుకుంటావా?"

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. చెబితే ఏమంటాడోనని భయం. పెళ్లి రాసిన వాళ్ల దగ్గర నకలు తీయించడానికి వారం పడుతుంది. గనులకి వెళ్లేవాళ్ల బస్సు ఆదివారమే. కాబట్టి చెప్పినా లాభం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు మా పుట్టింటికి చేరాం. ఆదివారం మా నాన్న బెలయీద్ ఇంటి ముందు బిహి బస్సెక్కాడు. స్వెట్టరు చంకలో పెట్టుకున్నాడు. బండి తాళం నా చేతిలో పెట్టాడు.

"తుప్పు పట్టనివ్వకు. నేనొచ్చాక దీని మీదే ఇంటికెళ్దాం."

"ఎవరు నడుపుతారు దీన్ని? గాడిదలా?"

"నువ్వే. నేను వెనక కూర్చుని నీ నడుం పట్టుకుంటా. వదిలితే పారిపోతావుగా."

మా అమ్మ అతని వెనక చెంబెడు నీళ్లు పోసింది, వెళ్లినవాడు నీళ్లలా తిరిగి రావాలని. నీళ్లు దుమ్ములో ఇంకిపోవడం చూస్తూ నిలబడ్డాను.

అతని ఉత్తరాలు మసీదులో పాఠం చెప్పే ఫకీహ్ చదివి వినిపించేవాడు. మా నాన్న, పక్కింటివాళ్లు కూర్చుని వినేవాళ్లు. నా మొగుడి మాట నాకన్నా ముందు ఇంకొకడి నోట్లో పడటం నాకు ఇష్టం లేదు. అందుకని పిండి సంచుల మీద, అగ్గిపెట్టెల మీద, దొరికిన పాత పేపర్ల మీద ఒక్కో అక్షరం పట్టుకున్నాను. ఏడాది పట్టింది. నేను రాసిన మొదటి ఉత్తరంలో మూడే వాక్యాలు. కాగితం గాలికి పోలేదు. నేను పొయ్యిలో వేశాను. నువ్వు నన్ను వదిలేస్తావనుకున్నాను.

ఆరు వారాలకి జవాబొచ్చింది. దాన్ని ఎవరి సాయం లేకుండా నేనే చదివాను.

"నాకు తెలుసు. ఆ రోజు నీ దుప్పటి అంచు కాలి ఉంది, బండి మీద కూర్చున్నప్పుడు వాసన వచ్చింది. అడిగితే ఏడుస్తావని అడగలేదు. ఇక్కడ చలికి స్వెట్టరు చాలడం లేదు. డిసెంబరులో ఇవ్వాల్సిన సెలవు మార్చికి మార్చారు. వచ్చాక కొత్త కాగితం రాయిద్దాం. బండికి నూనె పెడుతున్నావా?"

పెడుతున్నానని రాశాను. ఆ ఉత్తరం అతనికి అందిందో లేదో తెలీదు.

మార్చి అంతా రోజూ బస్సు వేళకి గుమ్మంలో నిలబడ్డాను. ఏప్రిల్లో కూడా. రాకపోతే ఇంకెవరో దొరికి ఉంటుందని మళ్లీ అనుమానపడ్డాను, పచ్చ తలగుడ్డ వాళ్లు ఆ దేశంలోనూ ఉంటారని. ఏప్రిల్ చివర మామాస్ అత్త తాలియూన్ నుంచి లారీ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నన్ను పట్టుకుని వదల్లేదు. గని వాళ్లు చావు కబురు తిజ్నిత్‌కి, అతని తల్లికి పంపారట. పెళ్లికాని వాడికి తల్లే కదా. పూడ్చడం కూడా ఆ దేశంలోనే అయిపోయిందట. ఎక్కడ పూడ్చాలని నన్నెవరూ అడగలేదు, ఎక్కడ పూడ్చారో నాకెవరూ చెప్పలేదు.

బిహి తిరిగి రాలేదు. అతను పోయిన రోజు పంతొమ్మిది వందల డెబ్బై అయిదు, ఫిబ్రవరి పదకొండు, మంగళవారం.