పాచి చారు

షారన్ పుట్టిన పదకొండో రోజు మా ఆయన నాకు సముద్రపు పాచితో చారు కాచాడు. నేను దాన్ని నోట పెట్టకుండానే తూములో పారబోశాను. ఆ పిల్లకు ఇవాళ పదిహేనేళ్లు నిండాయి. చారు కాచిన మనిషి కరోనాలో పోయాడు.

ఆయన పేరు సమాధానం. కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో కొరియా ఇంజనీర్ల బండి తోలేవాడు. వాళ్ల దేశంలో బాలింతకు పాచి చారే పథ్యమని ఎవరో చెప్పారట. ఇక ఆగుతాడా? మైపాడు ఒడ్డుకు పోయి, వలలకు చిక్కితే జాలర్లు విసిరికొట్టే పాచిని సంచీడు ఏరుకొచ్చాడు.

"తాగు మే. ఏడు నీళ్లు కడిగినాను," అన్నాడు.

"మా అమ్మ వెల్లుల్లి కారం, సొర చేప పెడతా ఉంటే నువ్వు పాచి పెడతావా? బిడ్డకేమన్నా అయితే?"

పారబోస్తుంటే గిన్నె అడుగున ఇసుక కనబడింది. దానికీ నాలుగు తిట్లు తిట్టాను. ఆయన గిన్నె కడిగి బోర్లించి, డ్యూటీకి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఒక్క గుక్క తాగుంటే నా సొమ్మేం పోయేది? ఆయన పోయినప్పటి నుంచి అది ఎలా ఉండేదో తెలుసుకోవాలని నాలుక కొట్టుకుపోతోంది.

ఇవాళ షారన్ నన్ను నెల్లూరులో కొత్తగా పెట్టిన కొరియా హోటలుకు లాక్కొచ్చింది. అది చూసే సీరియళ్లన్నీ ఆ దేశానివే. కిమ్చి అని క్యాబేజీ పచ్చడి వచ్చింది, మన ఆవకాయ ముందు దిగదుడుపే. బిబింబాప్ అని కూరలు పేర్చిన అన్నం వచ్చింది. తినడానికి రెండు ఇనప పుల్లలిచ్చారు. వాటిని పక్కన పెట్టి, ప్రార్థన చేసుకుని, చేత్తోనే కలుపుకున్నాను.

ఆఖర్న వచ్చిన గిన్నెలో పాచిని చూడగానే గుర్తుపట్టాను.

"వాళ్లు పుట్టినరోజుకు ఇదే తాగతారు మా. తనను కన్నప్పుడు అమ్మ తాగిందని గుర్తు," అంది షారన్. "నువ్వేం తాగుంటావులే!"

"మీ నాన్న కాచినాడు," అన్నాను.

దాని కళ్లు పెద్దవయ్యాయి. "నిజంగానా? ఎట్లుండింది?"

గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగాను. ఉప్పగా, కమ్మగా, కడుపులోకి వెచ్చగా దిగింది. చివరి చుక్క దాకా తాగి అడుగు చూశాను. తెల్లగా ఉంది.

"ఇట్లనే ఉండింది. కొంచెం ఇసుక ఉండింది, అంతే."

షారన్ పకపకా నవ్వింది. "నాన్నకు కడగడం రాలేదా?"

"ఏడు నీళ్లు కడిగినాడమ్మా," అన్నాను.