డాక్టరమ్మ కాగితాల్లో ఆయన

మా ఆవిడ నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. కారణం నాకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి రేడియోలో మాట్లాడేవాడు ఉద్యోగం మానేస్తున్నాడట, అదీ ఆవిడ బాధ! ఆ మాట పైకి చెప్పుకుంటే నా పరువేం కావాలి? అందుకే మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మతో "ఊరికే తిండి మానేసిందండీ" అని మాత్రం చెప్పాను. ఈ డాక్టరమ్మ మందులివ్వదు. వారానికో గంట కూర్చోబెట్టి పాత సంగతులన్నీ తవ్విస్తుంది. ఏం తవ్వినా సరే, నా భార్య మళ్లీ నాకు దక్కితే చాలనుకున్నాను.

నాలుగు వారాలు బయట బెంచీ మీద పడిగాపులు కాశాను. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, ఒక్క పూట పోతే మా సూపర్‌వైజరు నన్ను నమిలేస్తాడు. అయినా కాశాను. ఐదో వారం డాక్టరమ్మ నన్నూ లోపలికి పిలిచింది.

"మీ గురించి ఆవిడ చాలా చెప్పారండీ," అంది కాగితాలు తిప్పుతూ. "రోజూ తిన్నావా అని అడుగుతారట. అలిసిపోతే కాసేపు కూర్చోమంటారట. ఎప్పుడూ విసుక్కోరట."

నా ఛాతీ ఉబ్బింది. పైకి చెప్పదు గానీ పిచ్చిది, కడుపులో ఎంత ప్రేమ దాచుకుందో అనుకున్నాను.

"ఇంత బాగా చూసుకునే మనిషి, మరి వదిలేసి ఎందుకు వెళ్లిపోతున్నారు?"

"నేనా? నేనెక్కడికి పోతానండీ?"

"ఆయన వెళ్లిపోతున్నారని నాలుగు వారాలుగా ఏడుస్తున్నారు కదా!"

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా ఆవిడ తల దించుకుంది. పద్నాలుగేళ్లు కాపురం చేసింది నేను, 'ఆయన' మాత్రం వాడు! ఒళ్లు మండి రేడియో సంగతంతా కక్కేశాను.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత మా ఆవిణ్ణి మెల్లగా అడిగింది. "ఆ గొంతు వింటే మీకెవరు గుర్తొస్తారమ్మా?"

"ఈయనే," అంది మా ఆవిడ. "పెళ్లయిన కొత్తలో ఈయన అలాగే మాట్లాడేవారు."

నా కోపం చల్లారిపోయింది.

"మీకు గుర్తుందా?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"ఎందుకుండదండీ!"

"ఏమనేవారు?"

మా ఆవిడ కుర్చీలో నా వైపు తిరిగింది. ఎన్నాళ్లకో నా మొహంలోకి ఆశగా చూసింది. నోరు తెరిచాను. ఎంత వెతుక్కున్నా నావంటూ ఒక్క మాటా దొరకలేదు. రేడియోలో వాడు అడిగేవే నాలుక చివరిదాకా వచ్చాయి. సిగ్గేసి మింగేశాను.

కాసేపు చూసి ఆవిడ మళ్లీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"వచ్చే వారం నేనొక్కదాన్నే వస్తానండీ. ఈయన్ని పనికి వెళ్లనివ్వండి."