చుక్కలు కావు, చినుకులు

శేషన్న తెచ్చిన సినిమా నిడివి ఇరవై రెండు నిమిషాలే. రీలును చెన్నైలో స్కాన్ చేయించి హార్డ్‌డిస్క్‌లో ఎక్కించుకుంటే తొంభై జీబీ అయింది.

"దీన్ని మూడు నూర్ల ఎంబీలోకి దించాలమ్మా," అన్నాడాయన, కడపలో శ్రీవాసవి నడిపే వీడియో స్టూడియోలో కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

"అంత తక్కువెందుకు తాతా? పెన్‌డ్రైవ్‌లో పెద్దదే ఇస్తా."

"పెన్‌డ్రైవ్ కువైట్‌కు ఎట్ల పోతాదమ్మా? మా ఊరోళ్లు సగం మంది ఆడనే ఉండారు. కొందరు బెంగళూరులో. అందరికీ ఫోన్‌లోనే పంపాల. మా ఊర్లో సిగ్నల్ సంగతి చెప్పే పనే లేదు."

శేషన్నది నల్లమల అంచున ఉన్న గుండ్లవంక. యాభై ఏళ్ల కిందట అక్కడ వరసగా మూడేళ్లు వాన పడలేదు. ఎవరో వచ్చి చేస్తారని చూసి చూసి, ఊరివాళ్లే కొండవంక నుంచి కుంట దాకా కాలువ తవ్వుకున్నారు. అప్పుడు బడిలో పనిచేసే నారాయణ అయ్యవారు ఎవరినో అడిగి చిన్న సినిమా కెమెరా తెచ్చి ఆ తవ్వకాన్ని తీశాడు. మాటల్లేవు, రంగుల్లేవు. అయ్యవారు పోయాక రీలు శేషన్న దగ్గరే ఉండిపోయింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు, సినిమాలో గడ్డపార పట్టుకుని ఉంటాడు.

శ్రీవాసవికి పని చిన్నదే అనిపించింది. పన్నెండేళ్లుగా పెళ్లి వీడియోలు చేసిన చెయ్యి అది. కానీ మొదటిసారి ఫైలును మూడు వందల ఎంబీకి కుదించగానే బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయింది, మనుషుల మొహాలు పెంకులు పేర్చినట్టు తయారయ్యాయి. కారణం ఆమెకు తెలుసు. పాత ఫిల్ము మీద ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలుంటాయి. అవి ఫ్రేము ఫ్రేముకూ చోటు మారుస్తాయి. ఫైల్లో ఉన్న జాగా అంతా ఆ చుక్కలను దాచడానికే అయిపోతుంది, మనుషులకు మిగలదు.

అందుకని చుక్కలను తుడిచే సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది పక్కపక్క ఫ్రేములను పోల్చి చూసి, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిదాన్ని మచ్చ కింద లెక్కగట్టి చెరిపేస్తుంది. ఫలితం చూసి ఆమెకే ముచ్చటేసింది. బొమ్మ అద్దంలా ఉంది. సైజు రెండు వందల పది ఎంబీ.

రెండు రోజుల తర్వాత శేషన్న వచ్చి చూశాడు. పదిహేను నిమిషాల దాకా మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ముందుకు వంగాడు.

"వాన యాడికి పోయిందమ్మా?"

"వానేంది తాతా? ఇందులో వాన లేదే."

"కాలువ కుంటలో కలిసిన పొద్దు వాన పడింది. అందుకే గదా అందరూ మొహాలు పైకెత్తింది. ఇప్పుడు చూడు, ఊరికే ఆకాశం చూస్తాండారు పిచ్చోళ్ల మాదిరి."

"అవి ఫిల్ము మీది చుక్కలు తాతా. పాతబడితే అట్లనే ఉంటాయి."

"చుక్కలు కావమ్మా, చినుకులు. నా ఈపు మీద పడినాయి. నాకు తెలీదా?"

ఆయన గొంతు పెంచలేదు. అయినా శ్రీవాసవికి మొహం వేడెక్కింది. ఇన్నేళ్ల పని తెలిసిన తనకు ఒక రైతు పాఠం చెబుతున్నాడా అనుకుంది. మాట తేల్చేద్దామని అసలు ఫైలు తెరిచి, ఆ చోట ఒక్కొక్క ఫ్రేమే జరిపి చూపించసాగింది. ఫిల్ము చుక్కలు ఒకచోట కనిపించి, తర్వాతి ఫ్రేములో ఇంకెక్కడో మొలుస్తున్నాయి. కానీ వెనక కొండ నల్లగా ఉన్న చోట కొన్ని సన్నటి గీతలున్నాయి. అవి తర్వాతి ఫ్రేములో కాస్త కిందికి దిగాయి. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త కిందికి.

ఆమె మౌస్ మీది చెయ్యి తీసేసింది.

"పడతాండాది తాతా," అంది మెల్లగా. "వానే. నేనే తుడిచేసినా."

"నువ్వేం చేస్తావులే. మిషనుకు కరువు తెలీదు గదా," అన్నాడు శేషన్న.

ఆ మాట ఆమెను నిలవనీయలేదు. మర్నాడు పెళ్లి ఆల్బం పని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఫోన్లో చూసేదానికి అంత పెద్ద బొమ్మ అక్కర్లేదని కొలత తగ్గించింది. కొండలు, ఖాళీ చేలు కదలకుండా ఉన్న చోట్ల చుక్కలను తుడిపించింది. మొహాలు దగ్గరగా వచ్చిన చోట సగమే తుడిపించింది. వాన పడిన రెండు నిమిషాలను మాత్రం సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోనివ్వలేదు. మిగతా చోట్ల ఆదా అయిన జాగాలో చాలా భాగం ఆ రెండు నిమిషాలకే ఇచ్చింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మొదటికొచ్చింది. సాయంత్రానికి ఫైలు తయారైంది. మూడు వందల నలభై ఎంబీ.

"నలభై ఎక్కువైంది తాతా," అంది ఫోన్లో.

"వాన పడి కుంట నాలుగు వేళ్లు ఎక్కువ నిండితే ఎవరన్నా కొట్లాడతారా? పంపమ్మా."

ఆదివారం ఆయన పిలిస్తే శ్రీవాసవి గుండ్లవంకకు బస్సెక్కింది. బడిలోని టీవీకి ఆమె ఫోను తగిలించి సినిమా వేశారు. శేషన్న అక్క సోమక్కకు ఎనభై ఏళ్లు. టీవీకి జానెడు దూరంలో కూర్చుని, తెర మీదికి వచ్చిన ప్రతి మనిషికీ పేరు చెబుతోంది. తట్ట మోసే వదిన, మట్టి ఎత్తే మరిది. వాన మొదలయ్యేసరికి మాత్రం మాట ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సినిమా అయ్యేసరికి శేషన్న ఫోనుకు కువైట్ నుంచి వీడియో కాల్ వస్తే, ఆయన దాన్ని సోమక్క ముందు పెట్టాడు. అయ్యన్న అనే అతను అక్కడ డ్రైవరు. రెండు నెలల పిల్లోడుగా ఉన్నప్పుడే తండ్రి పాముకాటుకు పోయాడు. ఇంట్లో తండ్రి ఫోటో ఒక్కటీ లేదు.

"అవ్వా, సినిమా పొద్దున్నుంచి మూడుసార్లు చూసినా. ఇందులో మా నాయన ఉండాడా?"

"ఉండాడు నాయనా. వాన పడేటప్పుడు, తట్ట నెత్తిన బోర్లించుకుని నగుతాండాడే, వాడే."

శ్రీవాసవి సినిమాను వెనక్కి జరిపి అక్కడ ఆపింది. వానలో పాతికేళ్ల మనిషి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. శేషన్న తన ఫోనును టీవీ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"నా చెవులు ఆయనవే అవ్వా," అన్నాడు అయ్యన్న. "అమ్మ చెప్తాంటే నమ్మలేదు."

"చెవులేనా? ఆ నగు గూడా వాడిదే," అంది సోమక్క. "ఏదీ, ఒకసారి నగు, చూద్దాం."

అతను కళ్లు తుడుచుకుని నవ్వాడు. బడిలో ఉన్నవాళ్లంతా ఆ ఫోను చుట్టూ మూగారు.