తొక్కి పట్టు

కారు క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి వాసన చూసిన సువర్ణకు సంగతి అర్థమైంది: అందులో ఉన్నది బ్రేకాయిల్ కాదు, గానుగాడిన శెనక్కాయ నూనె.

తెల్లవారగానే కారు తీయబోతే పెడల్ నేలకు అతుక్కుపోయి పైకి లేవలేదు. గేరు పడలేదు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా గుంతకల్లు చేరి, రైల్వే ఉద్యోగంలో చేరినట్టు సంతకం పెట్టాలి. గడువు ఈ రోజుతో సరి. కుందుర్పి బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఊళ్లో ఉన్న ఒక్క ఆటోనూ దాని డ్రైవరు వీరేష్, పెళ్లివాళ్లను ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఇల్లేమో ఊరికి దూరంగా చేను మధ్యలో ఉంది. చుట్టూ ఎండిపోయిన శెనక్కాయ చేను, అడవిపందులు రాకుండా కట్టిన ముళ్లకంచె. ఆ కంచె పందుల కోసం కాదు, తన కోసమే కట్టినట్టు అనిపించిందామెకు.

నూనె ఎవరిదో తెలుసు. అత్త ఆంజినమ్మ దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకుంటుంది. కోడలు ఉద్యోగానికి పోతే ఇల్లెవరు చూస్తారని సాధిస్తున్నదీ ఆమే. నిలదీయాలని సువర్ణ గడపదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. పోట్లాటకు ఇప్పుడు తీరిక లేదు. ముందు బండి కదలాలి.

తాడిపత్రి లారీ షెడ్డులో తండ్రి కుళ్లాయప్పకు స్పానర్లు అందిస్తూ పెరిగిన పిల్ల ఆమె. వంటనూనె తగిలితే క్లచ్ రబ్బర్లు ఉబ్బిపోతాయని చిన్నప్పుడే తెలుసు. పోయినేడు ఇవే రబ్బర్లు అరిగినప్పుడు తండ్రి రెండు జతలు పంపాడు. మిగిలిన జత తన పెట్టెలో ఉందని భర్త ఓబిలేష్‌తో చెప్పింది.

"ఉండాదా? నాకు చెప్పనే లేదే," అన్నాడు ఓబిలేష్.

అద్దెకు కారు తిప్పే మనిషి సంతోషించాల్సింది పోయి ముఖం వేలాడేశాడేమిటని ఆమె ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం జాకీ వెతకడంలో పడింది.

బండిని ఎత్తి, చక్రాల కింద బండలు పేర్చి, వెల్లకిలా కిందికి దూరింది. సిలిండరు విప్పితే లోపలి రబ్బరు ఉడికిన శెనక్కాయలా ఉబ్బి ఇరుక్కుని ఉంది. పై సిలిండరులోదీ కింది సిలిండరులోదీ, రెండు రబ్బర్లూ మార్చింది. గొట్టమంతా కడిగి కొత్త బ్రేకాయిల్ పోసింది. ఇక మిగిలింది గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, కింద ఒకరు గాలి పోయే స్క్రూ వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించేదాకా పైవాళ్లు కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

"తొక్కి పట్టు," అంది సీట్లో కూర్చున్న ఓబిలేష్‌తో.

"పట్టినా," అన్నాడు.

బుడగలు వచ్చాయి. ఆమె బిగించేలోగా ఆయిల్ గుటుక్కున వెనక్కి పోయింది. కాలు జారిందన్నాడు. మళ్లీ తొక్కమంది. మళ్లీ అదే. ముఖానికి జానెడు ఎత్తులో ఇనుము, మోచెయ్యి మడవడానికి చోటు లేదు. చెమట కళ్లలోకి దిగుతోంది. సీసాలో ఇంకొక్కసారికి సరిపడా ఆయిల్ మిగిలింది.

పోయినేడు ఈ పని ఇద్దరూ కలిసే చేశారు. అప్పుడతని కాలు ఒక్కసారీ జారలేదు.

ఆమె స్పానరు పక్కన పెట్టింది.

"మీయమ్మ ఆ నూనె గది తాళంచెవి ఎవరి చేతికిస్తాదయ్యా?"

అతను పెడల్ మీంచి కాలు తీసిన చప్పుడైంది.

"నీకే గదా. ఇన్నేండ్లు బండి తోలిన కాలు ఈ పొద్దే ఎందుకు జారుతాంది?"

సీటు కిర్రుమంది. దిగిపోతున్నాడనుకుంది. అతను దిగి నడిచిపోతే ఈ కారూ కదలదు, తనూ కదలదు. తలుపు తెరుచుకోలేదు.

"అమ్మను ఏమీ అనద్దు, సువర్ణా. ఆమెకు తెలీదు. నూనె నేనే పోసినా. మొన్న నువ్వు పెట్టె సర్దుకుంటాంటే చూసి పోసినా. బోరు ఎండిపాయె, చేను ఎండిపాయె, నువ్వూ పోతే నేనీడ ఎవురి మొగం చూడల్ల? గడువు దాటిపోతే నువ్వే ఊరుకుంటావనుకొంటి. బ్రేకు డబ్బా పక్కనే ఉన్నా దాని జోలికి పోలేదు, నీ పానం తీసేంత పాపిష్టోన్ని కాదు. ఇప్పుడు రెండు తూర్లు కాలు తీసిందీ కావాలనే. ఇదో, తొక్కినా. నువ్వు చెప్పేదాకా తీయను. బిగించుకో."