ఇడ్లీ రేకుల బతుకమ్మ

కాత్యాయని చేతిలో పడ్డ వస్తువు చెత్తబుట్ట మొహం చూసి ఎరగదు. చిరిగిన చీర పరదా అవుతుంది, పరదా వెలిసిపోతే దిండు గలీబు అవుతుంది, గలీబు నలిగితే మసిగుడ్డ అవుతుంది. ఆవిడ తండ్రి తెనాలిలో నాటకాల వాళ్లకి కిరీటాలూ భుజకీర్తులూ చేసిచ్చిన మనిషి. అట్టముక్క, మెరుపు కాగితం, ఉడికించిన మైదాపిండి ఉంటే ఇంద్రుణ్ణయినా కిందికి దించుతానని ఆయనకి ధీమా. ఆ ధీమా పిసరంత కూడా తరక్కుండా కూతురికి వచ్చింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. బళ్లు మూసేశారు, బస్సులు కదలడం లేదు, తార్నాకలో పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుకుంటున్నారు. యూనివర్సిటీ హాస్టలు అమ్మాయిలు క్యాంపస్‌లో బతుకమ్మ ఆడుతూ, ఖాళీగా తిరుగుతున్న ఈ పిల్లలకి వేషాల పోటీ కూడా పెట్టారు. కాత్యాయని మనవరాలు అక్షర, తెలంగాణ తల్లి వేషం వేస్తానని పేరిచ్చి వచ్చింది.

అక్కడే వచ్చింది చిక్కు. పక్క అపార్ట్‌మెంటు పిల్లలు, మీరు ఆంధ్రోళ్లు గదా, నీకెందుకా వేషం అన్నారట. అక్షర ఏడవలేదు. ఇంటికొచ్చి, "నానమ్మా, అందరికన్నా బాగుండాలి" అని మాత్రం అంది.

కాత్యాయనికి రోషం పొడుచుకొచ్చింది. తమ సంగతి సరే, ఎక్కడో పుట్టి ఇక్కడికొచ్చారు. ఈ గడ్డ మీదే పుట్టి, ఇక్కడే పాలపళ్లు రాలగొట్టుకున్న పసిదాన్ని పట్టుకుని అంత మాటా? అసలే తెనాలి నుంచి చెల్లెలు రోజూ ఫోను చేసి, గొడవలు ముదరకముందే ఫ్లాటు అమ్ముకుని వచ్చేయమని ఒకటే పోరు. ఇంక ఆవిడ ఆగుతుందా? కొంగు బిగించింది.

ఇల్లు పీకి పందిరి వేసిందనుకోండి. పాత క్యాలెండరు అట్ట కిరీటమైంది, చొక్కాల గుండీలు దాని రత్నాలయ్యాయి. కోడలి ఆకుపచ్చ చీరని మడతలు పెట్టి పిల్లకి సరిపడా కుట్టింది. భర్త అచ్యుతరామయ్య పంచె జరీ అంచు కత్తిరించి వడ్డాణం చేసింది. పేపరు చదువుకుంటున్న ఆయన, అంచుతో ఆపుతావా, నన్ను కూడా కత్తిరిస్తావా అని అడిగాడు. అవసరం పడితే చెప్తానంది. కొండచీపురు కుచ్చులు పసుపునీళ్లలో ముంచి వరికంకులు చేసింది. ఇత్తడి చెంబు మీద కొబ్బరికాయ పెట్టి కలశం చేసింది. అన్నీ పిల్ల చేతికిచ్చి నిలబెట్టి, తన పనితనానికి తనే మురిసిపోయింది.

పోటీ సాయంత్రమనగా, మధ్యాహ్నం కింది ఫ్లాటు శివమ్మ కరివేపాకు కోసం పైకి వచ్చింది. ఆవిడ భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. శివమ్మ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసింది, కిరీటాన్ని మెచ్చుకుంది, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అక్కా, కిరీటమైతే బంగారమే. గనీ గీమె మీ తల్లి. మా తల్లి చేతుల వరి ఉండదు, మక్క కంకి ఉంటది. చెంబు ఉండదు, బతుకమ్మ ఉంటది."

కాత్యాయని పిల్ల చేతుల వంక చూసింది. తల్లి అంటే తల్లే కదా, ఒక చేత పంట, ఒక చేత కలశం. చిన్నప్పట్నుంచీ ఎరిగిన తెలుగు తల్లి బొమ్మ అదే. కొత్తగా పెట్టిన తెలంగాణ తల్లి విగ్రహం పక్కనుంచి ఎన్నిసార్లు ఆటోలో పోయిందో, ఒక్కసారైనా తల తిప్పి చేతుల్లో ఏముందో చూస్తేనా? ఈ వేషంతో పిల్ల వేదిక ఎక్కి ఉంటే, ఆంధ్రోళ్లన్న ఆ పిల్లల మాటే నిజమని తన చేతులతో తనే చాటింపు వేసినట్టయ్యేది. ఇంక మానేద్దాంలే అంది నీరసంగా. అక్షర మొహం వాడిపోయింది. మానుడేంది, ఇంకా పొద్దున్నది గదా అని శివమ్మ అక్కడే చతికిలబడింది.

బజారు మూత. మొక్కజొన్న కంకి ఎక్కణ్ణుంచి వస్తుంది? కొత్త టీవీకి చుట్టి వచ్చిన బుడగల ప్లాస్టిక్కు కాత్యాయని పరుపు కింద దాచే ఉంచింది. దాన్ని చపాతీ కర్రకి చుట్టి, పసుపు ముద్ద పట్టించి, చిలకపచ్చ జాకెట్టు గుడ్డ ఆకుల్లా కడితే అచ్చం కంకే. అచ్యుతరామయ్య ఆ బుడగలు టప్ టప్‌మని పేలుస్తూ కూర్చుంటే చేతి మీద ఒక్కటిచ్చి పంపాల్సి వచ్చింది.

బతుకమ్మకి మటుకు పూలు చాలలేదు. శివమ్మ తన బతుకమ్మకని తెచ్చుకున్న తంగేడులో సగం ఇచ్చింది. గేటు మీది కాగితం పూలూ, కుండీలో బంతిపూలూ కలిపినా అంత ఎత్తు లేవదు. అందుకని పళ్లెంలో గిన్నెలు బోర్లించి, వాటి మీద ఇడ్లీ రేకులు పేర్చి, కొసకి గరాటు పెట్టి, చీర పీలికలతో బిగించి, పైన వరసలు వరసలుగా పూలు చుట్టారు. కాత్యాయని గిన్నెలు చాలకపోతే శివమ్మవీ వచ్చాయి. అంతా అయ్యాక శివమ్మ అలవాటు చొప్పున పసుపు ముద్దతో గౌరమ్మను చేసి కొసన నిలిపింది. దీన్ని పిల్ల మొయ్యాలా, ఇదే పిల్లని మొయ్యాలా అన్నాడు అచ్యుతరామయ్య.

పిల్లే మోసింది. ఆంధ్రోళ్లన్న పక్క అపార్ట్‌మెంటు పిల్లలు ముందు వరసలోనే కూర్చున్నారు. అక్షర కంకీ బతుకమ్మా పట్టుకుని వేదిక మధ్యకి నడిచింది. మైకు పట్టుకున్న అమ్మాయి, వేషం ఎవరు కట్టిండ్రని అడిగింది. "మా నానమ్మ, శివమ్మ అమ్మమ్మ" అంది అక్షర. చప్పట్లు మోగాయి. ప్రైజు రైతు వేషంలో నాగలి మోసిన ఇంకెవరికో పోయింది గానీ, అక్షర అది పట్టించుకుంటేనా? సరాసరి వెళ్లి తన బతుకమ్మని అసలు బతుకమ్మల మధ్య పెట్టేసింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. శివమ్మ కాత్యాయనిని లోపలికి లాగింది. కాత్యాయని చప్పట్లు ఒక్కటీ తాళానికి పడలేదు, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

ఆట అయ్యాక నీళ్ల తొట్టి దగ్గర బతుకమ్మల్ని వదులుతున్నారు. ఒక అమ్మాయి అక్షరదాన్ని ఎత్తబోయి, ఇంత బరువేందని ఆగిపోయింది. కాత్యాయనికి కక్కలేక మింగలేక అయింది. అది ఉత్త వేషం సామాను, లోపలున్నవి వంటగిన్నెలు, నలుగురిలో నవ్వులపాలవుతామని శివమ్మ చెవిలో గొణిగింది. శివమ్మ తల అడ్డంగా ఊపింది.

"గౌరమ్మను పెట్టినంక గది వేషం కాదక్కా. బతుకమ్మనే. నీళ్లల్ల ఇడువాల్సిందే."

ఇద్దరూ చెరోవైపు పట్టి వదిలారు. పూలు పైకి తేలాయి. ఇడ్లీ రేకులు ఖణేల్‌మని అడుక్కి పోయాయి. మొదట నవ్వింది కాత్యాయనే, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ముందు వరస పిల్లలు భుజాల దాకా చేతులు ముంచి ఒక్కో గిన్నే తీస్తుంటే, అక్షర కిరీటంతో సహా నిలబడి అజమాయిషీ చేసింది.

నల్లా దగ్గర గిన్నెల మీద చెక్కించిన పేర్లు చూసుకుని, ఇవి మీవి, ఇవి మావి అని పంచుకున్నారు. చివరికి పేరు లేని స్టీలు గిన్నె ఒకటి మిగిలింది. నీదంటే నీదని కాసేపు వాదులాడుకున్నారు. శివమ్మ దాన్ని కాత్యాయని చేతిలో పెట్టింది.

"నీ కాడనే ఉంచక్కా. వచ్చే ఏడు మళ్ల నువ్వే తేవాలె గద."

కాత్యాయని గిన్నెను కొంగుతో తుడిచి, తుడిచిందే మళ్లీ తుడిచింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఫోను మోగుతోంది. తెనాలి నుంచి చెల్లెలే. ఎప్పుడొచ్చేస్తారని మొదలుపెట్టింది.

"మేం రావడం కాదే, వచ్చే ఏడు పండక్కి నువ్వే రా" అంది కాత్యాయని. "వచ్చేటప్పుడు పేరు చెక్కని గిన్నెలేమైనా ఉంటే పట్రా."

చెల్లెలికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.