ఓబేదు కోసం ఉంచిన ఆమేన్

నేను ఒక మాటను. పేరు ఆమేన్. నాకు అన్నిటికంటే భయం, వినపడని చెవి. చెవికి చేరకపోతే ఏ మాటైనా ఎక్కడ బతుకుతుంది చెప్పండి?

పుట్టింది హెబ్రీ భాషలో. కదలకుండా నిలిచేది, నమ్మదగినది అని మా మూలానికి అర్థం. గ్రీకు, లాటిన్ నోళ్ళలో నలిగి ఇంగ్లీషుకు చేరాను. నాలాగే ఇంకా కొందరు వెళ్ళారు. 'పని ఆపు' అనే మాట సబ్బాతు అయింది. ఇంగ్లీషులో కాలేజీ పంతుళ్ళ పెద్ద సెలవుకూ సబాటికల్ అని దాని పేరే పెట్టారు. పొట్టేలు కొమ్ము అనే అర్థమున్న యోబేలయితే జూబ్లీ అయి, హైదరాబాదులో ఖరీదైన కొండలెక్కి కూర్చుంది. నేను అంత ఎదగలేదు. ఇంగ్లీషువాళ్ళు 'నిజమే సుమా' అనడానికీ నన్నే వాడుకుంటారు, అంతే.

ఇప్పుడు చీరాలలో దోర్కా అనే అమ్మాయి నోట్లో ఉన్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసింది. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. కొడుకు ఓబేదుకు రెండేళ్ళు దాటినా ఒక్క మాట రాలేదు. సాయంత్రం ప్రార్థనయ్యాక చివర ఆమేన్ అనేది ఇంట్లో చిన్నబిడ్డ అని వీళ్ళ పద్ధతి. అందుకని దోర్కా నన్ను వాడి కోసం అట్టిపెట్టింది. ప్రార్థన చేసి, చివర ఆగి, వాడి పెదాల వంక చూసి, ఊరికే లేచిపోయేది.

ఒకరోజు పక్కింటి సలోమి పిన్ని పట్టుకుంది.

"ఏందమ్మాయ్, కూరకి మూతెయ్యనట్టు ప్రార్థన అట్టా వదిలేస్తావేంది?"

"వాడంటాడులే పిన్నీ. వాడికని ఉంచా."

"వినపడితే గదా అనేది! చెవుల పరీక్షకి గుంటూరు పెద్దాసుపత్రికి రమ్మన్నారన్నావు, పోయావా?"

"మగపిల్లలకి మాటలు ఆలస్యమంట. మా అత్త చెప్పింది."

"మీ అత్త రాని బస్సుక్కూడా అదే చెప్పుద్ది."

పిన్ని స్టీలు మూత తీసి, వాడి వెనక గరిటెతో మోగించింది. ఓబేదు బట్టల క్లిప్పులతో ఆడుతూనే ఉన్నాడు.

"గట్టిగా కొట్టలా నువ్వు," అంది దోర్కా.

పిన్ని మళ్ళీ కొట్టింది. గోడ మీది కాకి ఎగిరిపోయింది. వాడు తల ఎత్తలేదు.

దోర్కా వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. "నన్ను అమ్మా అనకపోతే ఎట్టా పిన్నీ?"

"మా ఆడపడుచు కూతురు చేతుల్తో మాట్లాడుద్ది. ఆ పిల్లకున్నన్ని కబుర్లు నాకే లేవు. చెవికి పెట్టే మిషనో, చేతి సైగలో, ఏదో దారుంటది. ముందు చూపించవే తల్లీ. నువ్వు కాసుక్కూర్చుంటే వాడికే నష్టం."

అప్పుడు నాకు మా చుట్టం ఒకతె గుర్తొచ్చింది. హెబ్రీలో దాదికి ఉన్న పేరు మా మూలంలోంచే వచ్చింది. బిడ్డ మాట్లాడేదాకా ఎదురుచూసేది కాదు దాది. ఎత్తుకుని నడిచేది.

మర్నాడు పొద్దున్నే దోర్కా వాడిని చంకనేసుకుంది. గడప దగ్గర కళ్ళు మూసుకుని నన్ను తనే అనేసి, గుంటూరు బస్సెక్కింది.

అన్న మాట నోరు దాటిపోతుంది, వెనక్కి వచ్చి చూసే వీలుండదు. పరీక్షలో ఏం తేలిందో నాకు తెలియదు. మీరు చీరాల వైపు వెళితే, దోర్కా ఇల్లెక్కడని అడగండి. "బాగానే ఉన్నామండీ," అని గుమ్మం దగ్గరే పంపించేయబోతుంది. మీరు మాత్రం లోపలికి వెళ్ళి, వాడి నోరో చేతులో ఏమంటాయో చూస్తూ, వాడి ఎదురుగా కాసేపు కూర్చోండి.